పాత వెర్షన్ మీదికి కొత్తది: డెబియన్ ప్యాకేజీని సాఫీగా అప్‌గ్రేడ్ అయ్యేలా తయారుచేయడం

ఖాళీ మెషీన్లో ప్యాకేజీ చక్కగా ఎక్కిందంటే సగం పనే అయినట్టు. డెబియన్ లినక్స్ వాడేవాళ్లు చాలామంది ఖాళీ మెషీన్‌తో మొదలుపెట్టరు. రెండేళ్ల కిందటి వెర్షన్ వాళ్ల దగ్గర నడుస్తూ ఉంటుంది. సెట్టింగులుండే /ఈటీసీలో నాలుగు లైన్లు తమ అవసరానికి మార్చుకొని ఉంటారు. డేటా ఫోల్డర్‌ను పెద్ద డిస్కు మీదికి తరలించి పాతచోట లింకు పెట్టుకొని ఉంటారు. మీ కొత్త ప్యాకేజీ అడుగుపెట్టేది అలాంటి కాపురమున్న ఇంట్లోకి. అక్కడ ఏదీ చెదరగొట్టకుండా సర్దుకుంటేనే దాన్ని మంచి ప్యాకేజీ అనాలి.

చెప్పేది స్పష్టంగా ఉండటానికి ‘పదకోశం’ అనే ఒక నిఘంటువు సర్వర్‌ను ఊహించుకుందాం. డెబియన్ 13, అంటే 2025 ఆగస్టు 9న విడుదలైన ట్రిక్సీలో దాని వెర్షన్ 1.4-2. రాబోయే డెబియన్ 14, ఫోర్కీ కోసం 2.0-1 తయారుచేస్తున్నాం. డెబియన్‌లో ఒక విడుదల నుంచి సరిగ్గా తర్వాతి విడుదలకే అప్‌గ్రేడ్ చేయాలి. మధ్యలో ఒకదాన్ని దాటేసి దూకడానికి మద్దతు లేదు. కాబట్టి ట్రిక్సీ నుంచి ఫోర్కీకి వెళ్లే దారిని మనం కంటికి రెప్పలా కాచుకోవాలి. అది బాగుంటే మిగతావి చాలావరకు బాగుంటాయి. (ఆదేశాలు, ఫైలు పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.)

అప్‌గ్రేడ్ మధ్యలో ఏం జరుగుతుంది

డెబియన్‌లో ప్యాకేజీలను ఎక్కించే ప్రోగ్రాము డీపీకేజీ. అది పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టదు. పాతది ఉండగానే దాని మీద కొత్తది పరుస్తుంది. ప్యాకేజీ లోపల దాన్ని ఎక్కించేటప్పుడు, తీసేటప్పుడు నడిచే నాలుగు చిన్న స్క్రిప్టులుంటాయి: ప్రీఇన్‌స్ట్, పోస్ట్‌ఇన్‌స్ట్, ప్రీఆర్‌ఎం, పోస్ట్‌ఆర్‌ఎం. వరస ఇలా ఉంటుంది. ముందు పాత ప్యాకేజీలోని ప్రీఆర్‌ఎం స్క్రిప్టు «అప్‌గ్రేడ్» అనే మాటతో నడుస్తుంది. తర్వాత కొత్త ప్యాకేజీలోని ప్రీఇన్‌స్ట్ నడుస్తుంది. అప్పుడు కొత్త ఫైళ్లు పాతవాటి మీద పడతాయి. ఆపైన పాత పోస్ట్‌ఆర్‌ఎం నడుస్తుంది, కొత్తదాంట్లో లేని పాత ఫైళ్లు పోతాయి. ఇక్కడితో ప్యాకేజీ ‘విప్పిన’ స్థితికి వచ్చింది, అంతే. కొత్త పోస్ట్‌ఇన్‌స్ట్ «కాన్ఫిగర్» అనే మాటతో నడిచేది ఆ తర్వాత ఎప్పుడో. పెద్ద అప్‌గ్రేడ్‌లో ఈ రెండింటి మధ్య వందల ప్యాకేజీలు వచ్చిపడవచ్చు, పది నిమిషాలు గడవవచ్చు, కరెంటూ పోవచ్చు.

ఈ వరసలో రెండు విషయాలు బాగా మనసుకు పట్టించుకోవాలి.

మొదటిది, అప్‌గ్రేడ్‌లో సగం పని పాత స్క్రిప్టులది. మీరు ఈరోజు రాసే ప్రీఆర్‌ఎం రెండేళ్ల తర్వాత, మీ చేతిలో లేని మెషీన్లో, మీరు ఇంకా రాయని వెర్షన్ కోసం నడుస్తుంది. అందులో తప్పుంటే అప్పటికి దాన్ని దిద్దలేరు. పాత ప్రీఆర్‌ఎం విఫలమైతే డీపీకేజీ కొత్త ప్యాకేజీలోని ప్రీఆర్‌ఎంను «ఫెయిల్డ్-అప్‌గ్రేడ్» అనే మాటతో పిలిచి ఒక్క అవకాశం ఇస్తుంది. పాత తప్పును అధిగమించడానికి ఉన్న దారి అదొక్కటే. అందుకే ప్రీఆర్‌ఎం, పోస్ట్‌ఆర్‌ఎం ఎంత చిన్నగా ఉంటే అంత క్షేమం. చేయాల్సిన పనిని వీలైనంతవరకు పోస్ట్‌ఇన్‌స్ట్‌కే వదలండి.

రెండోది, విప్పడానికీ కాన్ఫిగర్ చేయడానికీ మధ్య సర్వీసు పాత ప్రాణంతో కొత్త శరీరంలో ఉంటుంది. మెమరీలో నడిచేది పాత ప్రోగ్రాము, డిస్కు మీద ఉన్నవి కొత్త ఫైళ్లు. దీనికి మంచి ఉదాహరణ, దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్. ట్రిక్సీకి ముందటి డెబియన్ 12, అంటే బుక్‌వర్మ్‌లో 9.2 వెర్షన్ ఉండేది. అందులో వినే ప్రక్రియ ప్రతి కొత్త కనెక్షన్‌కూ డిస్కు మీదున్న అదే ప్రోగ్రామును మళ్లీ నడుపుతుంది. తర్వాతి వెర్షన్లలో ఆ పని వేరే ప్రోగ్రాముకు మారింది. ట్రిక్సీకి మారుతున్నప్పుడు కొత్త ఫైళ్లు పడ్డాక, సర్వీసు రీస్టార్ట్ అయ్యేలోపు, పాత ప్రక్రియ కొత్త కనెక్షన్లు తీసుకోలేకపోయే ప్రమాదం వచ్చింది. దూరాన ఉన్న సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేసేవాళ్లకు అది తలుపు మూసుకుపోయినట్టే. అందుకే బుక్‌వర్మ్‌లోనే సవరించిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను ముందుగా ఎక్కించుకొని, తర్వాతే ట్రిక్సీకి మారమని విడుదల సూచనల్లో రాశారు. మీ సర్వీసు నడుస్తూ ఉండగా డిస్కు నుంచి టెంప్లేట్లో ప్లగిన్లో చదువుతుంటే ఇదే ప్రశ్న మీరూ వేసుకోవాలి: కొత్త ఫైలు పాత ప్రాసెస్ చేతికి చిక్కితే ఏమవుతుంది?

స్క్రిప్టులు రాసే తీరు

ప్రతి స్క్రిప్టూ «సెట్ -ఈ» తో మొదలవ్వాలి. అది లేకపోతే మధ్యలో ఒక ఆదేశం విఫలమైనా స్క్రిప్టు ముందుకు పోతుంది, డీపీకేజీ అంతా బాగుందనుకుంటుంది. దీనికి వ్యతిరేక దిశలో ఉన్న తప్పు కూడా ఇంతే చెడ్డది: ప్రతి లైను చివర «|| ట్రూ» తగిలించి నోరు నొక్కేయడం. విఫలమైతే నిజంగా ఫర్వాలేని పనికి మాత్రమే దాన్ని వాడండి, ఎందుకు ఫర్వాలేదో పక్కన వ్యాఖ్య రాయండి.

ఒకే స్క్రిప్టు ఎన్నిసార్లు నడిచినా ఫలితం ఒకటే కావాలి. పోస్ట్‌ఇన్‌స్ట్ సగంలో ఆగితే ప్యాకేజీ ‘సగం కాన్ఫిగర్ అయిన’ స్థితిలో నిలుస్తుంది. వాడుకరి «డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ» కొడితే అది మొదటినుంచీ మళ్లీ నడుస్తుంది. మొదటిసారి యూజర్‌ను సృష్టించి, రెండోసారి ‘ఈ యూజర్ ఇప్పటికే ఉన్నాడు’ అంటూ పడిపోయే స్క్రిప్టు ఆ మెషీన్‌ను అక్కడే ఇరికించేస్తుంది. ఫోల్డర్ తయారీకి «ఎంకేడిర్ -పీ» వాడండి. లైను చేర్చేముందు అది ఉందో లేదో చూడండి. డేటా మార్పిడి ఉంటే కొత్త పేరుతో రాసి, పూర్తయ్యాక ఒక్క «ఎంవీ» తో పాత పేరు మీదికి తెండి.

పోస్ట్‌ఇన్‌స్ట్‌కు రెండో విలువగా వచ్చేది చివరిసారి కాన్ఫిగర్ అయిన వెర్షన్. తొలిసారి ఎక్కిస్తుంటే అది ఖాళీ. ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘ఖాళీగా లేదంటే అప్‌గ్రేడే’ అనుకోవడం తప్పు. ప్యాకేజీని తీసేసి కాన్ఫిగరేషన్ మాత్రం వదిలేసిన మెషీన్లో, అంటే «డీపీకేజీ -ఎల్» (చిన్న అక్షరపు ఎల్) లో «ఆర్‌సీ» అని కనిపించే చోట, మళ్లీ ఎక్కిస్తే పాత వెర్షనే వస్తుంది, కానీ డేటా ఫైళ్లు ఉండకపోవచ్చు. కాబట్టి వెర్షన్‌తో పాటు మార్చబోయే ఫైలు నిజంగా ఉందో లేదో కూడా చూడాలి.

వెర్షన్ పోలికను ఎప్పుడూ «డీపీకేజీ --కంపేర్-వెర్షన్స్ "$2" ఎల్‌టీ-ఎన్‌ఎల్ 2.0-1~» అనే రూపంలో చేయండి. మామూలు «ఎల్‌టీ» ఖాళీ విలువను అన్నిటికంటే చిన్నదిగా తీసుకుంటుంది కాబట్టి తొలి ఇన్‌స్టాల్‌లో కూడా మార్పిడి నడుస్తుంది. «ఎల్‌టీ-ఎన్‌ఎల్» ఖాళీని అన్నిటికంటే పెద్దదిగా చూస్తుంది. తొలి ఇన్‌స్టాల్‌కు మార్పిడి అక్కర్లేదు గనక మనకు కావలసింది అదే.

ప్యాకేజీ తయారీలో సాయపడే పనిముట్టు డెబ్‌హెల్పర్ తన కోడ్‌ను చొప్పించే «#డెబ్‌హెల్పర్#» గుర్తును స్వయంగా రాసుకున్న ప్రతి స్క్రిప్టులోనూ ఉంచాలి. మరిచిపోతే ప్యాకేజీ బాగానే తయారవుతుంది. సర్వీసు మాత్రం ఎప్పటికీ రీస్టార్ట్ కాదు.

ఇక పోస్ట్‌ఆర్‌ఎంలో «పర్జ్» భాగం, అంటే ప్యాకేజీని కాన్ఫిగరేషన్‌తో సహా తుడిచేసేటప్పుడు నడిచేది. అది నడిచే సమయానికి మీ ప్యాకేజీ ఆధారపడినవేవీ ఉండకపోవచ్చు. వాడుకరిని ప్రశ్నలడిగే డెబ్‌కాన్ఫ్ వాడితే దాని ఫైలు ఉందని చూసుకున్నాకే పిలవండి. /వర్/లిబ్/పదకోశం లాంటి సొంత ఫోల్డర్లు తుడవాలి, కాన్‌ఫైళ్లను (ప్యాకేజీ /ఈటీసీలో పెట్టిన కాన్ఫిగరేషన్ ఫైళ్లను) డీపీకేజీయే తుడుస్తుంది. సర్వీసు కోసం సృష్టించిన సిస్టమ్ యూజర్‌ను తీసేయకపోవడమే మేలు. తీస్తే ఆ యూజర్ నంబరు తర్వాత మరో సర్వీసుకు వెళ్లి, ఎక్కడో మిగిలిన మీ పాత ఫైళ్లకు అది యజమాని అయిపోతుంది.

/ఈటీసీ వాడుకరిది

డెబియన్ పాలసీలో రాజీ లేని నియమం ఇది: నిర్వాహకుడు కాన్ఫిగరేషన్‌లో చేసుకున్న మార్పు అప్‌గ్రేడ్ తర్వాత కూడా నిలవాలి. /ఈటీసీ కింద ప్యాకేజీ పెట్టే ఫైళ్లను డెబ్‌హెల్పర్ తనంతట తానే కాన్‌ఫైళ్లుగా నమోదు చేస్తుంది. అప్‌గ్రేడ్‌లో డీపీకేజీ మూడింటిని పోలుస్తుంది: పాత ప్యాకేజీ ఇచ్చిన ఫైలు, కొత్త ప్యాకేజీ ఇచ్చిన ఫైలు, ఇప్పుడు డిస్కు మీద ఉన్న ఫైలు. వాడుకరి ముట్టుకోకపోతే కొత్తది నిశ్శబ్దంగా వస్తుంది. వాడుకరి మార్చాడు, ప్యాకేజీ మార్చలేదు అంటే వాడుకరిది నిలుస్తుంది. ఇద్దరూ మార్చినప్పుడే ప్రశ్న వస్తుంది. దానికి ముందే ఉన్న జవాబు ‘పాతదే ఉంచు’. అప్పుడు కొత్త ఫైలు పక్కనే «.డీపీకేజీ-డిస్ట్» తోకతో మిగులుతుంది.

ఈ ఏర్పాటును పాడుచేసే తప్పు ఒక్కటే, అది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: పోస్ట్‌ఇన్‌స్ట్ నుంచే «సెడ్» పెట్టి కాన్‌ఫైల్‌ను మార్చడం. అలా చేశాక డిస్కు మీద ఫైలు మారింది గనక వాడుకరి మార్చాడనే డీపీకేజీ అనుకుంటుంది. తర్వాతి వెర్షన్‌లో మీరు ఒక్క వ్యాఖ్య సవరించినా, ఎన్నడూ ఆ ఫైలు తెరవని మనిషికి ‘మీరు మార్చిన ఫైలు’ అంటూ ప్రశ్న వస్తుంది. ఫైలును స్క్రిప్టు ద్వారా తయారుచేయక తప్పకపోతే దాన్ని కాన్‌ఫైల్‌గా పెట్టకండి, యూసీఎఫ్ అనే పనిముట్టుకు అప్పగించండి. ఆ రెండు పద్ధతులూ ఒకే ఫైలు మీద కలవకూడదు.

ఇంతకంటే మంచిది ప్రశ్నే రాకుండా చేయడం. మూల విలువలను /యూఎస్ఆర్ కింద ఉంచి, /ఈటీసీ/పదకోశం.డీ అనే ఫోల్డర్‌లో వాడుకరి పెట్టిన చిన్న ఫైళ్లు వాటిని మార్చేలా ప్రోగ్రామును రాయించండి. సిస్టమ్‌డీ నడిచేది ఇలాగే. మూల రచయితలు ఒప్పుకుంటే ఒక్క సవరణతో ఏళ్ల తరబడి చికాకు తప్పుతుంది.

కొత్త వెర్షన్‌లో ఒక కాన్‌ఫైల్ అక్కర్లేకపోతే దాన్ని ప్యాకేజీ నుంచి తీసేసినంత మాత్రాన వాడుకరి డిస్కు నుంచి పోదు. కొన్నిసార్లు అది ప్రమాదం కూడా. /ఈటీసీ/క్రాన్.డీలో మిగిలిన ఫైలు, లేని ప్రోగ్రామును రోజూ పిలిచి మెయిళ్లు పంపుతుంది. సోర్సులోని డెబియన్ ఫోల్డర్‌లో «పదకోశం.మెయింట్‌స్క్రిప్ట్» అనే ఫైలు పెట్టి ఒక్క లైను రాయండి:

«ఆర్‌ఎం_కాన్‌ఫైల్ /ఈటీసీ/క్రాన్.డీ/పదకోశం 2.0-1~»

పేరు మారితే «ఎంవీ_కాన్‌ఫైల్ పాతదారి కొత్తదారి 2.0-1~». చివర ఉన్న వెర్షన్, మార్పు జరిగిన వెర్షన్. దాని వెనక టిల్డె (~) తప్పనిసరి. 2.0-1లో ఈ లైను రాయడం మరిచిపోయి 2.0-2లో చేర్చారనుకోండి, అప్పుడు 2.0-2~ అని రాయాలి. లేకపోతే ఇప్పటికే 2.0-1 ఎక్కించుకున్నవాళ్ల దగ్గర అది పనిచేయదు. వాడుకరి మార్చుకున్న ఫైలైతే «.డీపీకేజీ-బ్యాక్» తోకతో భద్రంగా ఉంటుంది, ఆ భయం అక్కర్లేదు.

ఫైలు ఒక ప్యాకేజీ నుంచి మరో ప్యాకేజీకి మారితే

పదకోశం 1.4-2లో సర్వరూ క్లయింటూ కలిసే ఉండేవి. 2.0-1లో సర్వర్ భాగాన్ని ‘పదకోశం-సర్వర్’ గా విడదీశారు. ఖాళీ మెషీన్లో రెండూ చక్కగా ఎక్కుతాయి. ట్రిక్సీ మీద మాత్రం పదకోశం-సర్వర్ ముందు విప్పుకుంటే, ఆ ఫైలు పాత పదకోశంలో కూడా ఉంది కాబట్టి, మరో ప్యాకేజీ ఫైలును తుడిచిపెట్టబోతున్నారంటూ డీపీకేజీ ఆగిపోతుంది. డెబియన్‌లో అప్‌గ్రేడ్ బగ్గుల్లో తరచూ తగిలేది ఇదే.

మందు తెలిసిందే. పదకోశం-సర్వర్ కంట్రోల్ భాగంలో రెండు లైన్లు:

«బ్రేక్స్: పదకోశం (<< 2.0-1~)»
«రిప్లేసెస్: పదకోశం (<< 2.0-1~)»

రెండూ కావాలి. రిప్లేసెస్ ఒక్కటే ఉంటే ఫైలు చేతులు మారుతుంది గానీ పాత పదకోశం అలాగే నిలిచి ఉండొచ్చు. తర్వాత వాడుకరి సర్వర్‌ను తీసేస్తే ఆ ఫైలు ఇద్దరికీ లేకుండా పోతుంది. టిల్డె ఎందుకంటే, 2.0-1ను ట్రిక్సీ కోసం బ్యాక్‌పోర్ట్ చేస్తే (పాత విడుదలకు తగ్గట్టు మళ్లీ తయారుచేస్తే) దాని వెర్షన్ 2.0-1~బీపీఓ13+1 అవుతుంది. అందులోనూ ఫైళ్లు విడిపోయే ఉంటాయి. టిల్డె లేకుండా 2.0-1 అని రాస్తే ఆ బ్యాక్‌పోర్ట్‌ను కూడా పాతదిగా లెక్కగట్టి అడ్డుకుంటుంది.

పాత ప్యాకేజీ ఒక్కటే ఉన్న మెషీన్లో అప్‌గ్రేడ్ తర్వాత సర్వర్ మాయం కాకూడదు గదా. అందుకు కనీసం ఒక విడుదల పాటు పదకోశం, పదకోశం-సర్వర్ మీద ఆధారపడేలా ఉంచండి.

ఇందులో ఒక లోతైన గుంట ఉంది. బుక్‌వర్మ్ నుంచి /బిన్, /లిబ్ లు /యూఎస్ఆర్ లోపలి ఫోల్డర్లకు లింకులుగా ఉండటం తప్పనిసరి అయింది. డీపీకేజీకి మాత్రం /లిబ్/ఎక్స్, /యూఎస్ఆర్/లిబ్/ఎక్స్ రెండు వేర్వేరు దారులు. పాత పదకోశం సర్వీసు ఫైలును /లిబ్ కింద పెట్టి, కొత్త పదకోశం-సర్వర్ అదే ఫైలును /యూఎస్ఆర్/లిబ్ కింద పెట్టిందనుకోండి. దారులు వేరు కాబట్టి డీపీకేజీకి గొడవ కనిపించదు, రిప్లేసెస్ అమలు కాదు. సర్వర్ విప్పుకుంటుంది. తర్వాత పదకోశం అప్‌గ్రేడ్ అవుతూ తన పాత /లిబ్ ఫైలును తుడుస్తుంది. నిజానికి తుడిచేది కొత్త ఫైలునే. ఎక్కడా ఒక్క హెచ్చరిక రాదు. ఫైలు మాత్రం లేదు. ఒకే ప్యాకేజీ లోపల దారి మారితే డీపీకేజీ గుర్తుపడుతుంది, రెండు ప్యాకేజీల మధ్య మారినప్పుడే ఈ నష్టం. ఇలాంటి చోట బ్రేక్స్ బదులు అదే వెర్షన్ హద్దుతో «కాన్‌ఫ్లిక్ట్స్» రాయాలి. పాతది పక్కకు తొలగాకే కొత్తది విప్పుకునేలా అది చేస్తుంది. ట్రిక్సీ నాటికి చాలా ప్యాకేజీలు తమ ఫైళ్లను /యూఎస్ఆర్ కిందికి తెచ్చేశాయి. అయినా «డీపీకేజీ -ఎల్ పదకోశం» లో పెద్ద అక్షరపు ఎల్‌తో పాత ప్యాకేజీ ఫైళ్ల జాబితా తీసి ఒకసారి చూసుకోవడం రెండు నిమిషాల పని.

ఫోల్డర్ స్థానంలో లింకు పెట్టాలన్నా, లింకు స్థానంలో ఫోల్డర్ పెట్టాలన్నా అప్‌గ్రేడ్‌లో డీపీకేజీ ఆ పని చేయదు. ఆ లింకు వాడుకరి పెద్ద డిస్కుకు వేసుకున్నదే కావచ్చు మరి, దాని జాగ్రత్త న్యాయమైనదే. మనమే చెప్పాలి: మెయింట్‌స్క్రిప్ట్ ఫైలులో «డిర్_టు_సిమ్‌లింక్» లేదా «సిమ్‌లింక్_టు_డిర్» లైను. ఇది మరిచిన ప్యాకేజీ కొత్త మెషీన్లో ఒకలా, అప్‌గ్రేడైన మెషీన్లో ఇంకోలా ఉంటుంది. ఆ తేడా వల్ల వచ్చే బగ్గును పట్టుకోవడం చాలా కష్టం.

ప్యాకేజీ పేరే మారినప్పుడు, పాత పేరుతో ఖాళీ ప్యాకేజీ ఒకటి ఉంచి, అది కొత్తదాని మీద ఆధారపడేలా చేసి, «ఓల్డ్‌లిబ్స్» విభాగంలో పెట్టాలి. డెబియన్‌లో ఫాంట్ ప్యాకేజీల పేర్లు ‘టీటీఎఫ్’ నుంచి ‘ఫాంట్స్’ కు మారినప్పుడు, తెలుగు ఫాంట్లు ఇప్పుడు ‘ఫాంట్స్-తెలు’ గా దొరికేలా అయినప్పుడు, ఇదే సమస్య. పాత పేరుతో ఎక్కించుకున్న మనిషి ఆ కొత్త పేరు వెతుక్కోవాల్సిన అవసరం రాకూడదు.

వెర్షన్ అంకెలు

టిల్డె అన్నిటికంటే చిన్నది, ఏమీ లేకపోవడం కంటే కూడా చిన్నది. 2.0~ఆర్‌సీ1 తర్వాత 2.0 వస్తుంది. అదే 2.0ఆర్‌సీ1 అని రాస్తే అసలు 2.0 దానికంటే చిన్నదైపోయి అప్‌గ్రేడ్ జరగదు. ట్రిక్సీకి చేసే సవరణ 1.4-2+డెబ్13యూ1, అది 1.4-3 కంటే చిన్నదిగానే ఉంటుంది.

పొరపాటున 2.1 అప్‌లోడ్ చేసి మళ్లీ 2.0కు వెనక్కి రావాలంటే వెంటనే ముందు ‘1:’ అని ఎపాక్ చేర్చాలనిపిస్తుంది. ఆగండి. ఎపాక్ ఒకసారి చేరిస్తే ఆ ప్యాకేజీ ఉన్నంతకాలం ఉంటుంది. మీ మీద ఆధారపడే ప్రతి ప్యాకేజీలోనూ ఆ ‘1:’ రాయాలి, ఎవరో ఒకరు మరిచిపోతారు. 2.1+రియల్లీ2.0 అని రాయండి. చూడటానికి బాగుండదు గానీ 2.2 రాగానే తుడిచిపెట్టుకుపోతుంది.

లైబ్రరీల సంగతి క్లుప్తంగా: ఎస్ఓనేమ్ (లైబ్రరీ బైనరీ అమరికకు గుర్తుగా ఉండే పేరు) మారితే ప్యాకేజీ పేరు మారాలి, పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉండగలగాలి. ఎస్ఓనేమ్ మారకుండా బైనరీ అమరిక మారినప్పుడు కూడా పేరే మార్చాలి. 32 బిట్ మెషీన్లలో కాలాన్ని 64 బిట్లకు పెంచిన మార్పు కోసం ట్రిక్సీలో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 పేరు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయింది అందుకే.

సర్వీసు, డేటా

డెబ్‌హెల్పర్ కొత్త కంపాట్ స్థాయిల్లో సర్వీసును అప్‌గ్రేడ్ మొదట్లో ఆపదు, పోస్ట్‌ఇన్‌స్ట్‌లో ఒక్కసారి రీస్టార్ట్ చేస్తుంది. ఆగివుండే సమయం సెకన్లకు తగ్గుతుంది. ఎక్కువ సర్వీసులకు ఇదే సరైన పద్ధతి. రీస్టార్ట్ అయితే వాడుకరి పని పోయే సర్వీసులకు «--నో-స్టాప్-ఆన్-అప్‌గ్రేడ్» ఉంది. అది వాడితే ఎప్పుడు రీస్టార్ట్ చేసుకోవాలో వాడుకరికి చెప్పే బాధ్యత మీదే.

డేటా రూపం మారితే పోస్ట్‌ఇన్‌స్ట్‌లో మార్పిడి చేయడం తేలికగా కనిపిస్తుంది. 200 ఎంబీ డేటాకు తేలికే. 200 జీబీ ఉన్న మెషీన్లో అది గంటల తరబడి సాగుతుంది, డిస్కు నిండుతుంది, మొత్తం అప్‌గ్రేడ్ దాని వెనక నిలబడిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్యాకేజీలు ఎంచుకున్న దారి చూడండి. బుక్‌వర్మ్‌లో 15, ట్రిక్సీలో 17. రెండూ ఒకే మెషీన్లో పక్కపక్కన ఉండగలవు. పాత డేటాబేసును అప్‌గ్రేడ్ ముట్టుకోదు. నిర్వాహకుడు తీరిక చూసుకొని «పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్» నడుపుతాడు, అంతా బాగుందని తేలాకే పాతదాన్ని తీసేస్తాడు. వెనక్కి రాలేని మార్పిడి ఏదైనా ఈ పద్ధతిలోనే ఉండాలి.

పరీక్ష: పాతదాని మీద ఎక్కించి చూడటం

ముందుగా «డెబ్‌డిఫ్» తో పాత, కొత్త ప్యాకేజీలను పోల్చండి. ఏ ఫైలు పోయింది, ఏది వచ్చింది, ఏది ఇంకో ప్యాకేజీలోకి వెళ్లింది అన్నీ ఒక్క చూపులో తెలుస్తాయి. పైన చెప్పిన సగం తప్పులు ఇక్కడే దొరుకుతాయి. తర్వాత ప్యాకేజీలో తప్పులు వెతికే లింటియన్ నడపండి. అది స్క్రిప్టును చదువుతుందే తప్ప నడపదని గుర్తుంచుకోండి.

తర్వాత పియూపార్ట్స్:

«సుడో పియూపార్ట్స్ -డీ ట్రిక్సీ -డీ సిడ్ పదకోశం_2.0-1_ఏఎండీ64.ఛేంజెస్»

ఇది ట్రిక్సీ వాతావరణం సృష్టించి, పాత ప్యాకేజీ ఎక్కించి, సిడ్‌కు (అన్‌స్టేబుల్‌కు) అప్‌గ్రేడ్ చేసి, మీ ప్యాకేజీ ఎక్కించి, చివరికి పర్జ్ చేసి ఏం మిగిలిందో లెక్క చెబుతుంది. పర్జ్ తర్వాత /వర్ లోనో /ఈటీసీ లోనో మిగిలిన ప్రతి ఫైలుకూ మీరే జవాబుదారీ. దీని పరీక్షలో కొత్తగా తప్పితే ప్యాకేజీ అన్‌స్టేబుల్ నుంచి టెస్టింగ్‌కు (తర్వాతి విడుదల తయారయ్యే చోటికి) వెళ్లకుండా ఆగిపోతుంది కూడా. ఆ వలసకు మామూలుగా మీడియం అత్యవసరంతో 5 రోజులు, లోతో 10, హైతో 2 రోజుల నిరీక్షణ ఉంటుంది. ఆ రోజుల్లో వచ్చే బగ్గు నివేదికలు చూడటానికి తీరిక లేనప్పుడు అప్‌లోడ్ చేయకపోవడం మంచిది.

పియూపార్ట్స్ చూడనిది ఒకటుంది: మనిషి వాడిన మెషీన్. దాన్ని చేత్తో చేయాలి. వర్చువల్ మెషీన్‌లోనైతే సర్వీసులు కూడా నిజంగా నడుస్తాయి.

1. ట్రిక్సీ ఎక్కించి, పదకోశం 1.4-2 పెట్టి, కాన్‌ఫైల్‌లో ఒక విలువ మార్చండి. కొంత డేటా చేర్చండి. ఈ స్థితిని స్నాప్‌షాట్ తీసుకోండి, చాలాసార్లు వెనక్కి రావాల్సి ఉంటుంది.
2. కొత్త డెబ్ ఫైళ్లను ఒక ఫోల్డర్‌లో పెట్టి «ఆప్ట్-ఎఫ్‌టీపీఆర్కైవ్ ప్యాకేజెస్ . > ప్యాకేజెస్» నడిపి చిన్న రిపాజిటరీ చేయండి. సోర్సుల జాబితాలో ట్రిక్సీ బదులు ఫోర్కీ రాసి దీన్నీ చేర్చండి. అప్పుడే మీ ప్యాకేజీ మిగతా వందల ప్యాకేజీల తొక్కిసలాటలో ఎలా నడుస్తుందో కనిపిస్తుంది.
3. విడుదల సూచనల్లో చెప్పే వరసలోనే చేయండి: «ఆప్ట్ అప్‌డేట్», «ఆప్ట్ అప్‌గ్రేడ్ --వితౌట్-న్యూ-పీకేజీఎస్», ఆపైన «ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్». మొదటి అప్‌గ్రేడ్ అయ్యాక ఆగి పదకోశం పనిచేస్తోందా చూడండి. చాలామంది సర్వర్లు ఆ స్థితిలో ఒక రాత్రి గడుపుతాయి.
4. ఫుల్-అప్‌గ్రేడ్ తీసేస్తానని చూపే జాబితాను చదవండి. అందులో మీ ప్యాకేజీ పేరుంటే డిపెండెన్సీ తప్పింది.
5. అయ్యాక «డీపీకేజీ --ఆడిట్», «డీపీకేజీ --వెరిఫై పదకోశం పదకోశం-సర్వర్». రెండోది మాయమైన ఫైళ్లను పేర్లతో సహా చెబుతుంది, పైన చెప్పిన /యూఎస్ఆర్ గుంటను పట్టేది ఇదే. మీరు మార్చిన విలువ అలాగే ఉందా, డేటా తెరుచుకుంటోందా చూడండి.
6. స్నాప్‌షాట్‌కు వెనక్కి వచ్చి, ఈసారి «డీపీకేజీ --అన్‌ప్యాక్» తో కొత్త డెబ్ ఫైళ్లను విప్పి మాత్రమే వదిలేయండి. మెషీన్ రీబూట్ చేయండి. తర్వాత «డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ». కరెంటు పోయిన మనిషి చేసేది ఇదే.
7. ఖాళీ ఫోర్కీ మీద తొలిసారి ఎక్కించిన మెషీన్‌లోనూ, అప్‌గ్రేడైన మెషీన్‌లోనూ పదకోశం ఫైళ్ల జాబితా, యజమాని, అనుమతులు తీసి «డిఫ్» కొట్టండి. మీరు చేసిన మార్పులు తప్ప ఇంకేదైనా తేడా ఉంటే అది బగ్గే.

ఈ ఏడింటిలో ఒక్కటే చేయగలిగే తీరిక ఉంటే ఏడోది చేయండి. మిగతావాటిని ఆటోపీకేజీటెస్ట్‌గా రాసి డెబియన్/టెస్ట్స్ ఫోల్డర్‌లో పెడితే, మీ మీద ప్రభావం చూపే లైబ్రరీ మారిన ప్రతిసారీ అవి వాటంతటవే నడుస్తాయి.

వాడుకరి తన చేత్తో చేయాల్సింది ఏదైనా మిగిలితే, ఉదాహరణకు పాత సెట్టింగు పేరు ఇక పనిచేయకపోతే, దాన్ని డెబియన్/న్యూస్ ఫైలులో రాయండి. ఆప్ట్-లిస్ట్‌ఛేంజెస్ ఉన్నచోట అది అప్‌గ్రేడ్‌కు ముందే తెర మీద కనిపిస్తుంది. ఏం మారింది, ఏ ఫైలులో ఏ లైను మార్చాలి, మార్చకపోతే ఏమవుతుంది: ఈ మూడే చాలు. ప్రతి వెర్షన్‌కూ న్యూస్ రాస్తే ఎవరూ చదవరు, కాబట్టి నిజంగా అవసరమైనప్పుడే వాడండి.

ఇక బ్రేక్స్, రిప్లేసెస్, మెయింట్‌స్క్రిప్ట్ లైన్లు, పాత పేరుతో ఉన్న ఖాళీ ప్యాకేజీ ఎప్పుడు తీసేయాలి? మీరు ఏరు దాటేశారు గనక తెప్ప తగలేయాలనిపిస్తుంది. ట్రిక్సీ మీద ఉన్నవాళ్లు ఇంకా అవతలి ఒడ్డునే ఉన్నారు. 2.0-1లో చేర్చినవి ఫోర్కీ విడుదలలో ఉండి తీరాలి. ఫోర్కీ విడుదలయ్యాక, దాని తర్వాతి విడుదల కోసం పని మొదలయ్యే మొదటి అప్‌లోడ్‌లో తీయవచ్చు. ఆ లైన్ల పక్కనే ‘ఫోర్కీ విడుదల తర్వాత తీసేయాలి’ అని ఇప్పుడే ఒక వ్యాఖ్య రాసిపెట్టండి. రెండేళ్ల తర్వాత ఆ ప్యాకేజీ ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు.